వర్షమాపకం ప్రాజెక్టు డైరీ: పని చేసిన జనం వేరు, డబ్బు పెట్టిన జనం వేరు

ఇది ఒక ఓపెన్ హార్డ్‌వేర్ (డిజైన్ అందరికీ తెరిచి ఉండే) వర్షమాపకం తయారీ డైరీ. దీని డిజైన్‌ను ముఖపరిచయం లేని ఆన్‌లైన్ జనం కలిసి సరిదిద్దారు. మొదటి బ్యాచ్‌కి డబ్బు కూడా ఆన్‌లైన్‌లోనే సేకరించాం. ఇలాంటి పని తలపెట్టేవాళ్లు మేం చేసినట్టే చేయడానికో, మేం దిగిన గుంతల్లో దిగకుండా ఉండటానికో పనికొస్తుందని రాస్తున్నాను. ఆలోచన ఎలా పుట్టిందీ, ఎంత ఉత్సాహంగా ఉన్నదీ ఇక్కడ రాయలేదు.

పరికరం సంగతి క్లుప్తంగా. గరాటులో పడిన వాన కింద ఉన్న రెండు గదుల చిన్న తొట్టిలోకి కారుతుంది. ఒక గది నిండగానే తొట్టి అటు ఒరిగి ఆ నీళ్లను పారబోస్తుంది. అదే క్షణంలో రెండో గది గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ తొట్టికి అతికించిన అయస్కాంతం ఒక రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునే చిన్న స్విచ్) పక్కనుంచి వెళ్తుంది, ఒక లెక్క పడుతుంది. దీన్ని టిప్పింగ్ బకెట్ అంటారు. పాత పద్ధతే, కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఎవరైనా 3డి ప్రింటర్ మీద తయారు చేసుకోగలగాలి, దాని లెక్కను నమ్మగలగాలి. మాకు కావాల్సింది ఈ రెండే.

దశ 1: "ఎవరైనా సాయం చేయండి" అన్న పిలుపు

డిజైన్ ఫైళ్లన్నీ బయట పెట్టి, ఎవరికి తోచినట్టు వాళ్లు మెరుగుపరచమని అడిగాం. చాలామంది చేరారు. సలహాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. గాలి వేగం కూడా కొలవాలన్నారు, సోలార్ ప్యానెల్ పెట్టమన్నారు, ఫోన్‌లో గ్రాఫ్ కనిపించాలన్నారు. గరాటు ప్రింట్ చేసి, దాని వ్యాసం కొలిచి పంపినవాళ్లు మాత్రం ముగ్గురే.

దశ 1 చివర లెక్క:
- చేరినవాళ్లు: 212
- వచ్చిన సలహాలు: 90కి పైగా
- కొలతతో వచ్చిన ఫలితాలు: 3

జనానికి ఆసక్తి లేదని అనుకోవడానికి లేదు. ఏ పని ఎంతవరకు చేస్తే చాలో, అది చేయడానికి తన దగ్గరున్న సామాను సరిపోతుందో లేదో చూసినవాళ్లకి అర్థమయ్యేలా మేం చెప్పలేదు. అలాంటప్పుడు ఎవరికైనా చేతనయ్యేది సలహా ఇవ్వడమే.

ఇక్కడ మాకు దారి చూపించింది రెయిన్‌ఫాల్ రెస్క్యూ. 2020లో బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ హాకిన్స్ నడిపిన ప్రాజెక్టు అది. చేతిరాతతో ఉన్న 65 వేలకు పైగా పాత వర్షపాతం కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించాలి. సుమారు 16 వేల మంది వాలంటీర్లు ఇళ్లలోంచే 50 లక్షలకు పైగా అంకెలను రెండు మూడు వారాల్లో టైపు చేసేశారు. అంతమంది కలిసి అంత వేగంగా చేయగలగడానికి కారణం పనిని కోసిన తీరు. "ఈ రికార్డులన్నీ బాగుచేయండి" అని ఎవరినీ అడగలేదు. బొమ్మలో కనిపిస్తున్న అంకెలు ఏమిటి, టైపు చేయండి అన్నారు, అంతే. అవే అంకెలను ఒకరికంటే ఎక్కువ మందికి చూపించి, పోల్చి చూసుకున్నారు.

దాన్ని చూసి మేం "పని చీటీలు" మొదలుపెట్టాం. ఒక్కో చీటీకి నియమాలు ఇవి:

1. చీటీలో ఒకే ప్రశ్న ఉండాలి.
2. కావాల్సిన సామాను జాబితా మొదటి వరుసలోనే ఉండాలి.
3. ప్రింట్ అయ్యే సమయం తీసేస్తే, చేతిపని గంటలోపు ముగియాలి.
4. జవాబు ఒక అంకె గానీ, ఒక ఫోటో గానీ అయి ఉండాలి.
5. పని ఎక్కడ ముగిసినట్టో రాసి ఉండాలి.
6. ఒకే చీటీని కనీసం ముగ్గురు, ఒకరి జవాబు ఒకరు చూడకుండా చేయాలి.

ఆరో నియమం అందరికంటే ఎక్కువ విసుగు తెప్పించింది. ఒకరు చేసేసిన పని మళ్లీ ఎందుకని చాలామంది అడిగారు. దశ 2 చదివితే ఎందుకో తెలుస్తుంది.

చీటీలో లేకపోయినా మేం పాటించింది ఇంకొకటి ఉంది. ఎవరైనా అంకె పంపితే, దాన్ని ఎక్కడ వాడామో వాళ్లకి తిరిగి చెప్పాం. "మీరు పంపిన 158.6 మి.మీ. వల్ల గరాటు అంచు మందం పెంచాం" అని. ఇలా జవాబు అందుకున్నవాళ్లు రెండో చీటీ తీసుకున్నారు. "ధన్యవాదాలు" మాత్రమే అందుకున్నవాళ్లలో ఎక్కువమంది మళ్లీ రాలేదు.

దశ 2: కొలత, అసలు తలనొప్పి

ఈ డైరీలో నన్ను అడిగితే అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

మొదటి గరాటు వ్యాసం 200 మి.మీ. చిన్న ప్రింటర్ల మీద అంత గరాటు పట్టదు. రెండు ముక్కలుగా ప్రింట్ చేసి అతికించమని చీటీ ఇస్తే, అతుకు దగ్గర నీళ్లు కారాయని వరసగా ఫోటోలు వచ్చాయి. దాంతో వ్యాసాన్ని 160 మి.మీ.కి తగ్గించాం. లెక్క ఇలా:

1. వ్యాసం 16 సెం.మీ. అంటే నోటి విస్తీర్ణం 201 చదరపు సెం.మీ.
2. తొట్టి ఒకసారి ఒరిగితే 0.2 మి.మీ. వాన అని నిర్ణయించాం.
3. 201 × 0.02 = 4.02 మి.లీ. ప్రతి గదీ ఇంత నిండగానే ఒరగాలి.
4. 402 మి.లీ. నీళ్లు నెమ్మదిగా పోస్తే సరిగ్గా 100 లెక్కలు పడాలి.

ఈ నాలుగో వరుసే మా పరీక్ష. దీనికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. నీళ్లను గ్రాముల్లో తూచే చిన్న తూకం యంత్రం, ఒక సీసా ఉంటే చాలు. ఒక మి.లీ. నీరు ఒక గ్రాము.

మొదటి విడత ఫలితాలు 71 నుంచి 187 దాకా వచ్చాయి. నూరు రావాల్సిన చోట 187! ఎందుకో ఒక్కొక్కటిగా తేల్చాం.

ముందుగా 187 సంగతి. రీడ్ స్విచ్ మూసుకునేటప్పుడు లోపలి రేకులు అదురుతాయి. ఒక ఒరుగుకి రెండు, మూడు లెక్కలు పడతాయి. ఫర్మ్‌వేర్‌లో (పరికరం లోపల నడిచే ప్రోగ్రాంలో) ఒక లెక్క పడ్డాక 150 మిల్లీసెకన్ల పాటు మరో లెక్క తీసుకోకుండా ఆపాం, స్విచ్‌కి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాం. తర్వాత 110 దాటిన ఫలితం ఒక్కటీ రాలేదు.

71 ఎందుకొచ్చిందంటే, పంపినవాళ్లు నీళ్లను ఒక్కసారిగా పోసేశారు. తొట్టి ఒక గది నుంచి ఇంకో గదికి మారే ఆ అర సెకనులో కూడా ధార ఆగదు. అప్పటికే నిండిన గదిలోకే కొంత నీరు పడి వృథా అవుతుంది. గంటకు 20 మి.మీ. వానలో 36 సెకన్లకు ఒకసారి ఒరుగుతుంది కాబట్టి ఆ నష్టం కనిపించదు. గంటకు 100 మి.మీ. వేగంలో 7.2 సెకన్లకే ఒకసారి ఒరుగుతుంది. అప్పుడు నష్టం 3, 4 శాతం దాకా వెళ్తుంది. టిప్పింగ్ బకెట్ పరికరాలన్నిటికీ ఉన్న లోపమే ఇది. వేగాన్ని బట్టి సరిదిద్దే చిన్న పట్టికను ఫర్మ్‌వేర్‌లో చేర్చాం.

పోసే పద్ధతిని కూడా మార్చాల్సి వచ్చింది. సీసా అడుగున చిన్న రంధ్రం పెట్టి వదిలేస్తే, నీటి మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడిపోతుంది. అలా అయితే ఏ వేగానికి పరీక్షించామో ఎవరికీ తెలియదు. ఒక వాలంటీరు మారియట్ సీసా పద్ధతి చూపించారు: మూత గాలి చొరబడకుండా బిగించి, మూతలోంచి ఒక గొట్టాన్ని నీళ్ల లోపలి దాకా దింపాలి. నీటి మట్టం ఆ గొట్టం కొన కంటే కిందికి దిగేదాకా ధార ఒకే వేగంతో వస్తుంది. ఈ ఒక్క సలహాతో ఫలితాల మధ్య తేడా సగానికి పైగా తగ్గింది.

రెండో విడత లెక్క:
- పరీక్ష చేసినవాళ్లు: 23
- ఫలితాలు: 91 నుంచి 104
- మధ్యస్థం (ఫలితాలను వరసగా పేరిస్తే మధ్యలో వచ్చేది): 96

ఇక్కడే చాలా ప్రాజెక్టులు సంతోషపడి ఆగిపోతాయి. జనం ఎక్కువైతే తప్పులు ఒకదానికొకటి కొట్టుకుపోతాయన్న మాటకి పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక పశువుల ప్రదర్శనలో ఎద్దు బరువు మీద జనం వేసిన అంచనాలను విశ్లేషించాడు. చెల్లిన అంచనాలు 787. వాటి మధ్యస్థం 1,207 పౌన్లు, అసలు బరువు 1,198 పౌన్లు. తేడా ఒక శాతంలోపే. అయితే అక్కడ ఎవరి తప్పు వాళ్లది. కొందరు ఎక్కువ అన్నారు, కొందరు తక్కువ అన్నారు. మా 23 మందీ ప్రింట్ చేసింది ఒకే ఫైలు. ఆ ఫైలులోనే తప్పుంటే అందరి తప్పూ ఒకే వైపు ఉంటుంది. అప్పుడు 23 మంది చేసినా, 2,300 మంది చేసినా మధ్యస్థం మారదు.

మరి ఎలా పట్టుకోవాలి? గెలాక్సీ జూ ప్రాజెక్టు చేసిన పని ఒకటి గుర్తొచ్చింది. 2007లో మొదలైన ఆ ప్రాజెక్టులో మామూలు జనం గెలాక్సీల ఫోటోలు చూసి, వాటి ఆకారాన్నీ సుడి తిరిగే దిశనీ చెప్పేవారు. అపసవ్య దిశ అని చెప్పినవాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపించారు. ప్రాజెక్టువాళ్లు కొన్ని ఫోటోలను అద్దంలో చూసినట్టు తిప్పి మళ్లీ చూపించారు. తిప్పినవాటికీ జనం అపసవ్యం వైపే మొగ్గారు. అంటే ఆ మొగ్గు ఆకాశంలో లేదు, చూసేవాళ్లలో ఉంది.

మేమూ అదే చేశాం. కొత్త చీటీ:

1. మామూలుగా 402 మి.లీ. పోయండి. ఎడమ ఒరుగులు, కుడి ఒరుగుల మధ్య పట్టిన సమయాన్ని విడివిడిగా రాయండి.
2. తొట్టిని తీసి ఎడమ కుడి మార్చి బిగించండి.
3. మళ్లీ అదే కొలత చేయండి.

తొట్టిలో లోపం ఉంటే, తిప్పినప్పుడు ఆ తేడా కూడా రెండో వైపుకి మారాలి. మారలేదు. పరీక్ష చేసినవాళ్లలో దాదాపు అందరికీ, తొట్టి ఎలా బిగించినా, కుడి గది 4.3 మి.లీ. దగ్గర ఒరుగుతోంది, ఎడమది 4.0 దగ్గర. అంటే తప్పు తొట్టిలో లేదు, దాని కింద ఒరుగును ఆపే మరలో ఉంది. ఒక వైపు మర కూర్చునే గుంట ఫైలులో 0.4 మి.మీ. లోతుగా గీసి ఉంది. సరిచేశాక మధ్యస్థం 99కి వచ్చింది.

గరాటు వ్యాసం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 160 అని ప్రింట్ చేస్తే కొందరికి 158 వచ్చింది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ విస్తీర్ణంలో అది 2.5 శాతం తక్కువ. అందుకని పరికరంలో "మీ గరాటు వ్యాసం ఎంత?" అని అడిగే సెట్టింగ్ పెట్టాం. అడ్డంగా, నిలువుగా రెండుసార్లు కొలిచి సగటు వేయాలి. ప్రింట్ చేసిన గరాటు పూర్తి గుండ్రంగా రావడం అరుదు.

దశ 3: ప్లాస్టిక్

దీని గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. 3డి ప్రింటింగ్‌లో వాడే ప్లాస్టిక్‌లలో పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ముదురు రంగు గరాటు ఎండలో ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. వంగిపోయిన అంచుల ఫోటోలు వచ్చాయి. పీఈటీజీ సుమారు 80, ఏఎస్ఏ సుమారు 100 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. ఏఎస్ఏ ఎండకి పాడవడం కూడా తక్కువ. నియమం: తెలుపు రంగు, పీఈటీజీ లేదా ఏఎస్ఏ. తొట్టిని మాత్రం పీఎల్ఏతో చేసినా ఫర్వాలేదు, అది నీడలోనే ఉంటుంది.

దశ 4: ఓట్లు వేయించడం ఎందుకు ఆపేశాం

ఏ ఫీచర్లు ఉండాలో ఓటు పెడితే గాలి వేగం, ఉష్ణోగ్రత, సోలార్ పైకి వచ్చాయి. ఆ మూడూ చేరిస్తే విడిభాగాల ఖర్చు దాదాపు రెట్టింపు. పైగా ఓటు వేసినవాళ్ల జాబితానీ, ఒక్క చీటీ అయినా పూర్తి చేసినవాళ్ల జాబితానీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండిట్లోనూ ఉన్న పేర్లు కొద్దే. ఓటు వేయడానికి ఖర్చేమీ ఉండదు కాబట్టి కోరికలకి హద్దు ఉండదు.

మార్చిన నియమం: ఏ ప్రతిపాదన అయినా సరే, ఎవరో ఒకరు దాన్ని తయారు చేసి, వేరే ఇద్దరు దాన్ని పరీక్షించి అంకె పంపితేనే ప్రధాన డిజైన్‌లోకి వస్తుంది. సోలార్ కోరినవాళ్లు చాలామందే, చేసినవాళ్లు లేరు. దోమతెర లాంటి జల్లెడ ఒక్కరే కోరారు, చేసి చూపించారు, ఇద్దరు పరీక్షించారు, చేరింది.

లైసెన్స్ కూడా ఈ దశలోనే తేల్చాం. సెర్న్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ రెండో వెర్షన్ 2020లో వచ్చింది. అందులో మూడు రకాలు ఉన్నాయి. మేం తీసుకున్నది గట్టి షరతు ఉన్న "ఎస్" రకం: డిజైన్‌ని మార్చి పంచినా, అమ్మినా ఆ మార్పుల్ని కూడా ఇదే లైసెన్స్ కింద బయట పెట్టాలి. ఉచితంగా పని చేసినవాళ్ల శ్రమని ఇంకెవరో తాళం వేసి అమ్ముకోకుండా ఇది కాపాడుతుంది. ఈ నిర్ణయాన్ని డబ్బు అడగడానికి ముందే చేయడం తప్పనిసరి. డబ్బు వచ్చాక "నా పనికి నాకేంటి" అన్న ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ముందే రాసి పెట్టాం. మిగులు ఉంటే సగం పరీక్ష సామానుకి, సగం చీటీలు పూర్తి చేసినవాళ్లకి ఉచిత కిట్ల రూపంలో. నాకు జీతం లేదు, ఎవరికీ లేదు.

పేర్ల విషయంలో కూడా పట్టుదలగా ఉన్నాం. 1885లో అమెరికాలో స్వేచ్ఛా విగ్రహం పీఠానికి డబ్బు చాలకపోతే, జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో పిలుపునిచ్చి, ఎంత చిన్న మొత్తం ఇచ్చినా దాత పేరు అచ్చు వేస్తానన్నాడు. లక్ష డాలర్లకు పైగా వసూలైంది. ఇచ్చినవాళ్లు కూడా లక్ష మందికి పైనే, ఎక్కువమంది ఇచ్చింది ఒక డాలరులోపే. మేం దాన్ని కొలతలకి వాడాం. చెల్లిన ప్రతి కొలత పక్కనా దాన్ని పంపినవాళ్లు ఎంచుకున్న పేరు డిజైన్ ఫైలుతో పాటే ఉంటుంది. చెల్లని కొలతలు పంపినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. 187 రాకపోతే రీడ్ స్విచ్ సంగతి తెలిసేదే కాదు.

దశ 4 చివర లెక్క:
- చేరినవాళ్లు: 340
- ఒక్క చీటీ అయినా పూర్తి చేసినవాళ్లు: 61
- చెల్లిన కొలతలు: 148
- ప్రధాన డిజైన్‌లో మార్పులు: 19

దశ 5: డబ్బు లెక్క

ప్రింటర్ లేనివాళ్ల కోసం అచ్చు పోసిన కిట్లు తయారు చేయాలనుకున్నాం. అచ్చుకి అయ్యే ఖర్చు మొదట్లోనే మొత్తం పెట్టాలి. 400 కిట్ల కంటే తక్కువైతే ఆ ఖర్చు గిట్టదు.

సేకరణ పద్ధతులు ప్రధానంగా రెండు. కిక్‌స్టార్టర్ అనే ఆన్‌లైన్ సేకరణ వేదికలో లక్ష్యం చేరితేనే డబ్బు వస్తుంది, చేరకపోతే ఎవరి దగ్గరా తీసుకోరు. ఇండీగోగో లాంటి చోట్ల ఎంత వస్తే అంత ఉంచుకునే పద్ధతి కూడా నడిచింది. అచ్చు ఉన్న ప్రాజెక్టుకి రెండో పద్ధతి ప్రమాదకరం. లక్ష్యంలో 40 శాతం వచ్చి ఆగిపోతే, అచ్చు చేయించలేం, మాట ఇచ్చిన కిట్లు మాత్రం ఇవ్వాలి. లక్ష్యం చేరితేనే అన్న పద్ధతినే ఎంచుకున్నాం.

మొదటి అంచనాలో రవాణాకి వసూలైన ప్రతి 100లో 9 పాళ్లు పెట్టాం. ఆ అంకె తప్పింది. కిట్ బరువు 0.7 కిలోలే. కానీ కొరియర్లు పెట్టె పరిమాణాన్ని బట్టి కూడా బరువు కడతాయి: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ.

1. పాత పెట్టె: 18 × 18 × 26 = 8,424. అంటే 1.68 కిలోలు.
2. గరాటుని బోర్లించి డబ్బా మీద కూర్చునేలా మార్చాం.
3. కొత్త పెట్టె: 18 × 18 × 17 = 5,508. అంటే 1.10 కిలోలు.

గరాటు కాలి పొడవు 9 సెం.మీ. తగ్గించడానికి మళ్లీ చీటీలు పెట్టి, లెక్క తేడా రావడం లేదని ముగ్గురి చేత పరీక్ష చేయించాం. డబ్బు పేజీ తెరవడానికి ముందే పెట్టె సైజు తేల్చుకోండి. మేం ఆఖర్లో తేల్చుకున్నందువల్ల అందరికీ టెన్షన్.

బ్యాటరీ విషయం కూడా రవాణాయే తేల్చింది. విడి లిథియం అయాన్ సెల్స్‌ని 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపనివ్వడం లేదు. సరుకు విమానంలో పంపాలన్నా చార్జి 30 శాతం మించకూడదు, యూఎన్ 38.3 పరీక్ష కాగితాలు ఉండాలి. రెండు మామూలు ఏఏ సెల్స్‌తో నడిచేలా మార్చేశాం. వాటిని కొనుక్కునేవాళ్లే వేసుకుంటారు.

వసూలైన ప్రతి 100కీ ఆఖరి లెక్క:
- వేదిక రుసుము: 5
- చెల్లింపుల రుసుము: 4
- చివర్లో ఫెయిలయ్యే కార్డులు: 2
- విడిభాగాలు: 41
- అచ్చు: 14
- ప్యాకింగ్, రవాణా: 18
- పరీక్ష: 5
- పాడైనవాటికి బదులు ఇచ్చే కిట్లు: 6
- ఊహించని ఖర్చులు: 5

ఇందులో చివరి మూడు వరుసలూ తీసేస్తే ధర చూడటానికి బాగుంటుంది. తీయకండి.

దశ 6: సేకరణ నడిచిన తీరు

వ్యవధి 30 రోజులు. కిక్‌స్టార్టర్ 60 దాకా ఒప్పుకుంటుంది గానీ, ఎక్కువ రోజులు పెడితే "తర్వాత చూద్దాం" అనుకునేవాళ్లే పెరుగుతారు.

- మొదటి మూడు రోజుల చివర: లక్ష్యంలో 38 శాతం
- సగం గడువుకి: 59 శాతం
- ఆఖరి రెండు రోజుల ముందు: 97 శాతం
- ముగింపు: 138 శాతం, 552 కిట్లు

మధ్యలో గ్రాఫ్ అడ్డంగా పడుకుంది. అప్పుడు ప్రకటనలకి ఖర్చు పెట్టమని ఒత్తిడి వచ్చింది. దానికి బదులు తిప్పి కొలిచిన పరీక్ష వీడియోని, 23 మంది అంకెలతో సహా, పెట్టాం. గరాటు అందంగా కనిపించే ఫోటోల కంటే ఆ వీడియో తర్వాత వచ్చిన కిట్ల ఆర్డర్లే ఎక్కువ.

552 కిట్లలో పని చీటీలు చేసినవాళ్లు కొన్నవి 47 మాత్రమే. నాకు ఇది చాలా పెద్ద సంగతి. చీటీలు చేసినవాళ్లకి కిట్ అవసరం లేదు, వాళ్ల దగ్గర ప్రింటర్ ఉంది. డబ్బు పెట్టినవాళ్లలో ఎక్కువమందికి రీడ్ స్విచ్ ఏమిటో తెలియనవసరం లేదు. మొదటివాళ్లకి తర్వాతి ప్రశ్న కావాలి. రెండోవాళ్లకి తేదీ కావాలి. ఇద్దరికీ ఒకే మెయిల్ పంపినన్నాళ్లూ ఇద్దరూ విసుక్కున్నారు. విడదీశాం: చీటీల వైపు వారానికోసారి సాంకేతిక విషయాలు, కిట్ల వైపు నెలకోసారి నాలుగే వరుసలు. ఏం అయింది, ఏం ఆగింది, ఎందుకు, కొత్త తేదీ ఏమిటి.

లక్ష్యం దాటాక "ఇంత వస్తే ఇది కూడా ఇస్తాం" అని అదనపు హామీలు ఇవ్వమని అడిగారు. ఇవ్వలేదు. అదనంగా వచ్చిన డబ్బుతో అదనపు పని కూడా వస్తుంది. 2012లో పెబుల్ వాచీ లక్ష డాలర్లు అడిగితే కోటి డాలర్లకు పైగా వచ్చింది, 68,929 మంది డబ్బు పెట్టారు. సెప్టెంబరుకి ఇస్తామన్న వాచీలు 2013 జనవరిలో బయల్దేరడం మొదలైంది. అది చివరికి మాట నిలబెట్టుకున్న ప్రాజెక్టు. వార్టన్ స్కూల్‌కు చెందిన ఈథన్ మోలిక్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, డబ్బు అందుకున్న ప్రాజెక్టుల్లో 75 శాతానికి పైగా ఆలస్యంగానే సరుకు ఇచ్చాయని తేలింది. 2015లో ఆయనే చేసిన మరో అధ్యయనంలో అసలు ఇవ్వలేకపోయినవి సుమారు 9 శాతం. ఈ అంకెలను మా సేకరణ పేజీలోనే పెట్టి, మా గడువు దాటే అవకాశం ఎంతుందో ముందే చెప్పాం.

దశ 7: అచ్చు, ఆలస్యం

మేం చెప్పిన తేదీ దాటింది. ఎందుకంటే, ప్రింట్‌కి సరిపోయిన డిజైన్ అచ్చుకి సరిపోదు. అచ్చులోంచి భాగం ఊడి రావాలంటే నిలువు గోడలకి ఒకటి, రెండు డిగ్రీల వాలు ఉండాలి. గరాటు బయటి గోడకి వాలు ఇస్తే నోటి వ్యాసం మారుతుంది, వ్యాసం మారితే లెక్క మారుతుంది. పైగా చల్లారేటప్పుడు ప్లాస్టిక్ అర శాతం అటూ ఇటూగా ముడుచుకుంటుంది. 160 మి.మీ. మీద అర శాతం అంటే 0.8 మి.మీ.

మొదటి నమూనా భాగాలు వచ్చాక చేసిన పనులు:

1. 30 గరాటులను చీటీలు చేసిన 10 మందికి, ఒక్కొక్కరికి మూడేసి పంపాం.
2. ప్రతి గరాటునీ నాలుగు దిక్కుల్లో కొలవమన్నాం.
3. సగటు 159.1 వచ్చింది. గరాటు గరాటుకీ తేడా 0.2 లోపే.
4. అందరికీ ఒకేలా తక్కువ వచ్చింది కాబట్టి అచ్చు మళ్లీ కోయించలేదు. ఫర్మ్‌వేర్‌లో వ్యాసాన్ని 159.1గా పెట్టాం.

ప్రింట్ చేసిన గరాటులు ఒక్కోటి ఒక్కోలా ఉండేవి, అచ్చువి అన్నీ ఒకేలా తప్పుగా ఉన్నాయి. రెండోదే నయం. ఒకే అంకెతో అన్నీ సరిపోతాయి.

మూడో వరుస చూసి "అచ్చు చేసినవాళ్లు తప్పు చేశారు, డబ్బు వెనక్కి అడగండి" అని కొందరు రాశారు. ఒప్పందంలో రాసుకున్న హద్దు ఒక మి.మీ. వాళ్లు ఆ హద్దులోనే ఉన్నారు. ఒప్పందంలో ఏ కొలతకి ఎంత హద్దో విడివిడిగా రాయండి. గరాటు నోటికి 0.3, డబ్బా ఎత్తుకి 1 అని. అన్నిటికీ ఒకే హద్దు రాస్తే, ముఖ్యమైన కొలతకి కూడా అదే వర్తిస్తుంది.

ప్రస్తుత లెక్క:
- పంపాల్సిన కిట్లు: 552
- పంపినవి: 538
- చిరునామా సరిచేయాల్సినవి: 14
- లోపం అని వెనక్కి వచ్చినవి: 21
- అందులో రీడ్ స్విచ్ పగిలినవి: 17
- బదులు పంపినవి: 21
- ఊహించని ఖర్చుల పద్దులో మిగిలింది: 5 పాళ్లలో 1.4

పగిలిన స్విచ్‌లన్నీ గాజు గొట్టం రకం. తీగలను గాజుకి మరీ దగ్గరగా వంచితే పగుళ్లు వస్తాయి. ప్లాస్టిక్ తొడుగు ఉన్న రకానికి మారుతున్నాం. బోర్డు ఫైలు మార్చేశాం.

తెరిచి ఉన్న చీటీలు

- చీటీ 44: వాడకంలో ఉన్న కిట్లలో కొన్ని వానాకాలం మధ్యకి వచ్చేసరికి 8 నుంచి 10 శాతం తక్కువ చూపిస్తున్నాయి. తెరిచి చూస్తే నీరు బయటికి పోయే రంధ్రాల్లో సాలెగూడు ఉంది. 1.5 మి.మీ., 2 మి.మీ. కన్నాల జల్లెడలు రెండూ ప్రింట్ చేసి, ఒక్కోటి పెట్టి 402 మి.లీ. పరీక్ష చేయాలి. నీరు నిలుస్తోందా లేదా అన్నదానికి ఫోటో కావాలి. ఇప్పటికి ఒక్కరే చేశారు, ఇంకా ఇద్దరు కావాలి.
- చీటీ 46: గంటకు 150 మి.మీ. వేగంలో సరిదిద్దే పట్టిక పనిచేస్తోందా? మారియట్ సీసా తప్పనిసరి. ఫలితాలు ఇంకా రాలేదు.
- చీటీ 47: తొడుగు ఉన్న రీడ్ స్విచ్‌కి అయస్కాంతం ఎంత దూరంలో ఉండాలి? 2, 3, 4 మి.మీ. దూరాల్లో 100 ఒరుగులకి ఎన్ని లెక్కలు పడ్డాయో పంపండి.